కాలికి కట్టిన చీటీ

జువాలజీ డిపార్ట్‌మెంటు అటెండరును అందరూ "సీసాల బాబాయ్" అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని చచ్చిన జీవాలను సీసాల్లో పెట్టి, వాటిలో స్పిరిట్ తగ్గకుండా చూసుకోవడం. ఎలుకలు, పాములు, తొండలు, రెండు తలల దూడ ఒకటి... మూడు గదుల నిండా సీసాలే. ఇంటికెళ్లి ఎంత రుద్ది స్నానం చేసినా ఆ వాసన వదలదు. "మీ పక్కన ఉంటే నేను కూడా వందేళ్లు చెడిపోకుండా ఉంటానండీ" అని భార్య ఎగతాళి చేస్తుంది.

మెత్తని మనిషే కానీ, ఒక్క విషయంలో మొండిఘటం. ఏ జీవిని సీసాలో పెట్టినా రెండు చీటీలు రాస్తాడు. ఒకటి సిరాతో, సీసా మీద అంటించేది. రెండోది పెన్సిలుతో, జీవి కాలికి దారంతో కట్టేది. స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది, పెన్సిలు రాత చెక్కుచెదరదు. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు సేకరించారు అన్నవి రెండు చీటీల మీదా ఉండాలి. సేకరించినవారు అన్న చోట మాత్రం ఎప్పుడూ ప్రొఫెసరు గారి పేరే. అది డిపార్ట్‌మెంటు ఆనవాయితీ. ఆ మహానుభావుడు జన్మలో ఒక్క కప్పపిల్లను చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. చీటీల ప్రకారం మాత్రం నాలుగు వేల జీవాలను ఒంటిచేత్తో పట్టేశారు.

పందొమ్మిదేళ్ల కిందట ఒకరోజు ఉదయం బాబాయ్ తాళాల గుత్తి పట్టుకుని వెనక మెట్లు ఎక్కుతున్నాడు. రెండో మలుపులో ఒక గబ్బిలం చచ్చి పడి ఉంది. ఆ బిల్డింగులో రోజూ కనబడే చిన్న రకం కాదు. ముక్కు మీద గుర్రపు నాడా ఆకారంలో చర్మం మడత, ఇంతలేసి చెవులు. కొలిస్తే ముంజేయి అరవై మూడు మిల్లీమీటర్లు. గబ్బిలాల పుస్తకం తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూశాడు. సందేహం లేదు, అదే. అలవాటు ప్రకారం రెండు చీటీలూ రాసి, సీసాలో పెట్టి, కాళ్లు నేల మీద ఆనకుండా ప్రొఫెసరు గారి గదికి పరిగెత్తాడు.

ప్రొఫెసరు గారు సీసా వైపు కన్నెత్తి చూడలేదు. పుస్తకంలో మ్యాపు చూశారు. ఆ జాతి ఉండే మేర అంతా అడ్డగీతలు గీసి ఉన్నాయి. అవన్నీ ఇక్కడికి ఐదు వందల కిలోమీటర్ల అవతల, తేమ అడవుల్లో.

"మన ఊరి మీద గీతలున్నాయా?"

"లేవు సార్."

"గీతలు లేనప్పుడు గబ్బిలం ఎలా ఉంటుందయ్యా?"

"మెట్ల మీద నా చేత్తో తీశాను సార్..."

"నువ్వు తీసింది ఏదో ఉంటుంది. ఇది మేం అడవికి టూరెళ్లినప్పుడు తెచ్చింది. నువ్వే ఎక్కడో తారుమారు చేశావు."

బల్లగుద్ది మరీ చెప్పారు. ఎర్ర సిరాతో సీసా మీద "వెనక మెట్లు" కొట్టేసి "తేమ అడవులు" అని రాశారు. రిజిస్టరులోనూ దిద్దారు. ఎంత తేలికైపోయిందో చూడండి! మ్యాపు తప్పయితే మ్యాపును దిద్దేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. గబ్బిలాన్నే దిద్ది, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా ఐదు వందల కిలోమీటర్లు సాగనంపినవారు ఈయనొక్కరే.

"ఆ కాలికున్న చీటీ కూడా మార్చు. నాకా వాసన పడదు" అంటూ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"అలాగే సార్" అన్నాడు బాబాయ్. మార్చలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన చేసిన ఎదిరింపు అదొక్కటే, అదీ చప్పుడు లేకుండా.

మర్నాడు, తప్పుడు చీటీ రాశావంటూ ప్రొఫెసరు గారి నుంచి మెమో వచ్చింది. దాంతో సీనియర్ అటెండరు ప్రమోషన్ గాల్లో కలిసిపోయింది. "బాబాయ్, మా వంటింట్లో బల్లి కనబడింది. మ్యాపులో ఉందో లేదో చూసి చెప్పవా?" అని క్యాంటీన్‌లో ఏడిపించేవాళ్లు. ఆయన నవ్వేసి టీ తాగేవాడు. తప్పు రాయనివాణ్ని తప్పుడు రాతల మనిషిని చేశారే అని ఆయన బాధ. చుట్టాల కంట పడకూడదని భార్య ఆ మెమో కాగితాన్ని బీరువాలో బట్టల అడుగున దాచేసింది.

ఇప్పుడు రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలు. ఫైలు శుభ్రంగా ఉండగా ఇంటికెళ్లాలని ఆయనకు ఒక్కటే కోరిక. మెమో రద్దు చేయమని డిపార్ట్‌మెంటు హెడ్డును అడిగితే, "ఇచ్చినవారు తప్పయిందని రాసిస్తే తీసేస్తా" అన్నాడు. ఇచ్చిన ప్రొఫెసరు గారు ఎప్పుడో రిటైరై, గౌరవ సలహాదారు అన్న బోర్డు తగిలించుకుని, రోజూ వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కునుకు తీస్తున్నారు. "సైన్సులో సెంటిమెంట్లకు చోటు లేదయ్యా" అని మూడుసార్లు తిప్పి పంపారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కొత్తగా చేరిన పరిశోధకురాలికి అదే బిల్డింగులో వాడకంలో లేని నీళ్ల ట్యాంకు గదిలో గబ్బిలాల గుంపు కనబడింది. నాడా ముక్కు, పెద్ద చెవులు, ముంజేయి అరవై మూడు, అరవై నాలుగు మిల్లీమీటర్లు. ఆ అమ్మాయి కూతలు రికార్డు చేసి, ఫొటోలు తీసి, ఆ జాతి ఇక్కడా ఉందని ఒక సైన్సు పత్రికకు వ్యాసం పంపింది. పత్రికవాళ్లు ఒక్క ప్రశ్న వేశారు: "ఇవి ఏ లారీలోనో నిన్నమొన్న వచ్చిపడ్డాయేమో. ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టు పాత ఆధారం ఏదైనా ఉందా?"

రిజిస్టరు వెతికితే ఆ జాతిది ఒక్కటే సీసా. తేమ అడవులు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"రిజిస్టరు పక్కన పెట్టమ్మా. సీసా తెరువు" అన్నాడు బాబాయ్.

హెడ్డు వచ్చాడు. జేబురుమాలుతో సలహాదారు గారూ వచ్చారు. ఆ అమ్మాయి గబ్బిలాన్ని పైకి తీసి, కాలి చీటీ విప్పి, దీపం కింద పెట్టి చదివింది. "వెనక మెట్లు, రెండో మలుపు." తేదీతో సహా నిన్న రాసినంత స్పష్టంగా ఉంది.

"ఆ చీటీ మార్చమని అప్పుడే చెప్పా..." అని సలహాదారు గారు నాలిక కరుచుకున్నారు.

"కింద ఇంకో లైనుంది" అంది అమ్మాయి. "సేకరించినవారు..." ఆగిపోయింది. ప్రొఫెసరు గారి పేరు.

ఇంకేముంది! ముక్కు మీంచి జేబురుమాలు తీసేశారు. "చూశారా? నాకప్పుడే తెలుసు. వ్యాసంలో నా పేరు మొదట వెయ్యమ్మాయ్" అని ప్లేటు ఫిరాయించారు. రాతపూర్వకంగా ఉంది కదా అని హెడ్డు తలూపాడు. ఆ రాసింది ఎవరు? బాబాయే. ఆయన చీటీని తిరిగి గబ్బిలం కాలికి కట్టి, సీసా మూత బిగించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు. విషయం విని భార్య ఒంటికాలి మీద లేచింది. "ఆయన తిట్టిన తిట్లకు సాక్ష్యం నా దగ్గరుంది, ఉండండి" అంటూ మెమో తీసి గట్టిగా చదివింది. "'మీరు ఈ నెల పద్నాలుగో తేదీ ఉదయం వెనక మెట్ల మీద మీ అంతట మీరే ఏరి తెచ్చానని, ఇతరులెవరికీ ఇందులో ప్రమేయం లేదని చెబుతున్న గబ్బిలం...' ఏవండీ, మీకే దొరికిందని ఆయనే సంతకం పెట్టాడుగా!"

బాబాయ్ కంచం ముందునుంచి లేచి, కాగితం లాక్కుని, రెండుసార్లు చదువుకున్నాడు.

మర్నాడు ఆ అమ్మాయికి చూపించాడు. గంట తిరగకముందే సలహాదారు గారు సీసాల గదిలోకి వచ్చారు. జేబురుమాలు లేకుండా ఆయన ఆ గడప దాటడం అదే మొదలు.

"ఏమయ్యా, ఆ మెమో ఇటిచ్చెయ్. రద్దు చేస్తున్నట్టు ఇప్పుడే రాసిస్తా. ఫైల్లోది కూడా తీయించేస్తా. దర్జాగా రిటైరవ్వచ్చు."

పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట. బాబాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దు సార్, ఉండనివ్వండి" అన్నాడు.

"ఉండనివ్వడమేంటి? ఫైల్లో మచ్చ!"

"రాసింది రాసినట్టే ఉండాలి కదా సార్. మార్చడం నాకు అలవాటు లేదు."

వ్యాసం అచ్చయింది. మొదటి గబ్బిలం దొరికింది అటెండరుకని, ఆధారం ఫలానా నంబరు మెమో అని అందులో ఉంది. ప్రొఫెసరు గారి పేరు మొత్తం వ్యాసంలో ఒక్కచోటే వచ్చింది, ఆ మెమో ఇచ్చినవారుగా.

బాబాయ్ మచ్చ ఉన్న ఫైలుతోనే రిటైరయ్యాడు. మెమో ఇప్పుడు బీరువాలో లేదు. భార్య ఫ్రేము కట్టించి ముందుగదిలో గోడకు తగిలించింది. చుట్టాలెవరైనా వచ్చి "అవార్డా వదినా?" అని అడిగితే, "అవును, ప్రొఫెసరు గారు స్వయంగా సంతకం పెట్టి ఇచ్చారు" అంటుంది.