మామ్మతో గంటన్నర ప్రయాణం

బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోయినవాళ్లను మీరు చూసే ఉంటారు. విమానంలో మెలకువగానే ఉండి, వెంట డెబ్భై అయిదేళ్ల ముసలమ్మను పెట్టుకుని, వేరే ఊళ్లో దిగిపోయిన ఘనుణ్ణి చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి.

మాది కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సు. వైజాగులో మా మామ్మ చెల్లెలి మనవరాలి పెళ్లి. సాయంత్రం చర్చిలో దీవెన ప్రార్థన మామ్మే చెయ్యాలి. ఆమె మోకాళ్లేమో రాత్రంతా రైల్లో కూర్చోనివ్వవు. నాన్నావాళ్లు సామానుతో ముందే రైల్లో వెళ్లిపోయారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, మామ్మను విమానంలో తెస్తానని ఛాతీ విరుచుకున్నాను.

"ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు మామ్మా! రైలుకి రాత్రంతా పడుతుంది. విమానానికి గంటన్నర!"

"గంటన్నరా! మన బస్సు హౌరా వంతెన దాటడానికే అంత పడతాది గదరా!"

ఆ రోజు బంద్ లేదని పదిమందిని అడిగి మరీ బయల్దేరాం. "చెవులు పగిలిపోతాయి, దూది పెట్టుకో భాయ్" అన్నాడు పక్కింటి బెంగాలీ అన్న మంటూదా. ఇద్దరికీ దిండులో పట్టేంత దూది కూరాను.

విమానం లేచింది. అంత హుగ్లీ నదీ మామ్మ చీర అంచంత అయిపోయింది. నేను పుట్టి పెరిగిన రైల్వే యార్డులో రైళ్లు చీమల బారులయ్యాయి. మామ్మ కిటికీకి ముక్కు ఆనించి, "ప్రభువా, నువ్వు రోజూ ఇలాగే సూత్తావా!" అంది.

కాసేపటికి నేల తగిలింది. మైకులో ఏదో చెప్పారు, దూదిలోంచి గొణుగుడే వినబడింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నేను వినకుండానే లోకువైపోయాను. సగంమంది లేచారు. నేనూ లేచాను.

"అప్పుడే వచ్చీసినామేటిరా?"

"చూశావా! గంటన్నరన్నాను, గంటకే దించేశాడు!"

బయట టీ తాగి, మోకాళ్లు సర్దుకుని, మామ్మ నలువైపులా చూసింది. "మరి సముద్రం ఏదిరా? మనం తొందరగా వచ్చీసినాం, అదింకా రానేదేటో!"

ఆటో పిలిచి, వచ్చిన హిందీలో "వాల్తేరు చర్చికి" అన్నాను. అతను నా మొహంలోకి జాలిగా చూసి ఏదో అన్నాడు. దూది పీకాను.

"ఇది భువనేశ్వర్ బాబూ!"

సరిగ్గా అప్పుడే నెత్తిమీద ఉరిమినట్టయింది. మామ్మ తలెత్తి మైమరచిపోయింది.

"ఒరే, ఎంత బాగెగురుతోందో సూడు! ఎవురో అదృష్టవంతులు, ఎక్కడికెల్తన్నారో!"

"వైజాగుకి మామ్మా. ఇక్కడ కాసేపే ఆగింది. అందులో ఉండాల్సింది మనమే."

మామ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇద్దరం ఆ ఆటోలోనే స్టేషనుకి పోయి, దొరికిన రైలెక్కి, నిలబడీ కూర్చునీ వైజాగు చేరాం. చర్చిలో పాస్టరుగారు మాకోసం ఉన్న కీర్తనలన్నీ పాడించేసి, మొదటిదాన్నే మళ్లీ ఎత్తుకుంటున్నారు. పెళ్లికూతురి కళ్లనిండా నీళ్లు. మామ్మ కుంటుకుంటూ వెళ్లి ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టగానే చర్చంతా ఊపిరి పీల్చుకుంది.

భోజనాల దగ్గర చుట్టాలంతా మామ్మ చుట్టూ చేరారు. "పెద్దమ్మా, కలకత్తా నుంచి విమానం ఎంతసేపు?"

మామ్మ కళ్లు ఇంకా ఆకాశంలోనే ఉన్నాయి. "పొద్దున్నెక్కితే పొద్దుగూకేసరికి దించీసినారమ్మా! మద్దిలో రైలు కూడా ఎక్కిస్తారు. టిక్కెట్టు మాత్రం మనవే కొనుక్కోవాల!"

ఆ పూటే, పెళ్లిభోజనం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: విమానం నేలను తాకినా, పక్కవాళ్లు లేచినా, ఊరిపేరు బోర్డుమీద నా కళ్లతో చదివేదాకా, అది ఏ లిపిలో ఉన్నా సరే, బెల్టు విప్పను గాక విప్పను.