సంభావన బేరం

బేరంలో ఓడి మునిగినవాళ్లు ఊరూరా ఉంటారు. గెలిచి మునిగినవాణ్ణి మాత్రం మోత్కూరు మొత్తంలో నేనొక్కణ్ణే. మా దుకాణదారుల వంశంలో ఈ ఘనత మరెవరికీ దక్కలేదు.

నిజాం రాజ్యం చివరి ఏళ్ల మాట. హైదరాబాదులో భాషా పరిశోధకుల సభ పెట్టారు. జిల్లాల నుంచి వ్యాసం చదవడానికి వచ్చే బీదవాళ్లకు రాకపోకల కిరాయి సభవారే ఇస్తారన్నారు. సభ కార్యదర్శి మా ఊరి వకీలే. కరువు ఏడాది ఆయన ఇంట్లో పొయ్యి వెలిగింది మా దుకాణం బియ్యంతోనే. అడగకముందే మా బాపు అరువు కింద పంపేవాడు. ఆ ధీమాతోనే నేను మిషన్ బడి పంతులు తరఫున బేరానికి దిగాను.

పంతులు కూలివాళ్ల ఇంట పుట్టి చదువుకున్న మనిషి. తల్లి నోట, వాడకట్టు ఆడవాళ్ల నోట విన్న నాటు పాటల మీద వ్యాసం రాశాడు. వాటిని పెద్దల ముందు ఒక్కసారి వినిపించాలని ఆయన ఆశ. జీతం ఎప్పుడు వస్తుందో బడివాళ్లకే తెలియదు. ఇక రైలు టికెట్టు ఎక్కడిది?

వకీలు ఊరికొచ్చినప్పుడు మా దుకాణం గద్దె మీదే కూర్చోబెట్టాను.

“కిరాయి ఎడ్లబండికి ఇస్తరు వకీలుసాబ్, చదువుకున్నోనికి గాదు. సంభావన అనుండ్రి,” అన్నాను. నా లెక్క నాకుంది. కిరాయికి కొలత ఉంటుంది, సంభావనకు కొసరు ఉంటుంది.

వకీలు నవ్వాడు. “బేరంల నీతోని ఎవడు గెలుస్తడు? సరే, సంభావననే రాస్త.”

పంతులు నన్ను పక్కకు లాగాడు. “సేటూ, నాకు కిరాయి చాలు. సంభావన మా అసొంటోళ్లకు ఎవలిస్తరు?”

“ఊకో పంతులూ! సరుకు గలాయన నోరు తెరిస్తే ధర పడిపోతది.”

పోయేటప్పటి టికెట్టుకు పంతులు తన భార్య వెండి కడియాలు మా దగ్గరే కుదువ పెట్టాడు. తిరుగు టికెట్టు సంభావనలోంచి కొనుక్కోవాలి. తోడుగా నేనూ బయల్దేరాను. భువనగిరిలో రైలెక్కాం.

వ్యాసం చదువుతూ పంతులు ఒక పాట ఎత్తుకున్నాడు. ముందు వరసలో ఒక ముసలి పండితుడు, మళ్లీ ఒకసారి పాడమన్నాడు. నేను లోపల కొసరు లెక్క కట్టుకుంటున్నాను.

సాయంత్రం, కిరాయి రాయించుకున్నవాళ్లకు గుమ్మం దగ్గర నిజాం హాలీ రూపాయలు చేతిలో పెట్టారు. పాలమూరు నుంచి వచ్చిన ఒక సాలె పిల్లగాడు తనవి అక్కడే లెక్కపెట్టుకున్నాడు. సంభావన మాత్రం వేదిక మీద. ఒక్కొక్కరినీ గోత్రం చెప్పి, బిరుదు చెప్పి పిలుస్తున్నారు. పంతులు కండువా సర్దుకుని తన పేరు కోసం చూస్తున్నాడు.

పిలిచింది నా పేరు. వ్యాసకర్తను వెంటబెట్టుకొచ్చిన పోషకుణ్ణట! పిలవగానే లేచి వెళ్లాను కూడా. వకీలు స్వయంగా శాలువా కప్పాడు.

“మా పంతులు?” అన్నాను చెవిలో.

జనం వైపు నవ్వుతూనే అన్నాడు: “గోత్రం లేనోన్ని ఏమని పిలవాలె? కిరాయి అనుంటే గుమ్మం కాడనే ఇచ్చెటోళ్లం. సంభావన అన్నది నువ్వే గద.”

మా గద్దె మీద కూర్చుని నవ్వినప్పుడే ఆయనకు ఇదంతా తెలుసు. మా బియ్యం తిన్న నోటితోనే నవ్వాడు.

తిరుగు టికెట్లు నేనే కొన్నాను. రైల్లో శాలువా పంతులు ఒళ్లో పెట్టబోతే మెల్లగా పక్కకు నెట్టాడు.

“మీరే కప్పుకోండ్రి సేటూ. పోషకులు గద.”

ఇక లెక్క. కడియాలు ఊరికే ఇస్తానన్నా పంతులు తీసుకోలేదు. జీతం వచ్చాక అసలూ మిత్తీ కట్టి విడిపించుకున్నాడు. తిరుగు టికెట్టు డబ్బు కూడా గల్లాపెట్టె మీద పెట్టాడు. నేను తీసుకున్నాను. అంటే సభవారు ఇవ్వాల్సిన కిరాయంతా ఆ బీదవాడే కట్టుకున్నాడు. వకీలు ఇంటి బియ్యం బాకీ అట్లాగే ఉంది. పంతులు వల్ల నాకు పైసా నష్టం లేదు, పైగా శాలువా మిగిలింది. ఆ తర్వాత పంతులు ఉప్పురాయి కూడా మా దుకాణంలో కొనలేదు.