తువ్వాలులో గబ్బిలం

అగ్గిపెట్టెలో పట్టేంత జీవి అది. దాని బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో పటమటలో మా ఇంటి వెనక వాటా చేపల వ్యాపారం చేసే నాగేశ్వరమ్మకు అద్దెకిచ్చాను. మనిషి మంచిది. పండుగప్ప దొరికితే మాకు నాలుగు ముక్కలు పంపకుండా ఉండేది కాదు. తినేవాణ్ణి. కానీ వరండాలో గంపల వాసన భరించలేకపోయాను. ఖాళీ చెయ్యమని అందామంటే, ఆమె చేప తిన్న నోటితో ఎలా అనను?

ఒక సాయంత్రం వాన వెలిశాక చిన్న గబ్బిలం ఒకటి మా గదిలోకి వచ్చి క్యాలెండరు వెనక దూరింది. ట్యూబులైటు దగ్గర పురుగుల కోసం తిరిగే రకం. మేం చర్చికి వెళ్లేవాళ్లం, మాకు శకునాల పట్టింపు లేదు. గబ్బిలం దూరిన ఇల్లు పాడుపెట్టి వెళ్లిపోవాలని నాగేశ్వరమ్మ వాళ్ల నమ్మకం. అది నాకు తెలుసు. తువ్వాలుతో పట్టుకున్నాను. గుడ్డలో గుండె టకటకా కొట్టుకుంటోంది. పెరట్లో వదిలెయ్యొచ్చు. వాళ్ల వెంటిలేటరులోంచి లోపలికి వదిలాను.

మర్నాడు పొద్దున్నే నాగేశ్వరమ్మ వచ్చింది. వెనకాల కొత్త కోడలు దుర్గ.

"మేస్టారూ, ఇంట్లో గబ్బిలం తిరిగిందండీ. ఇల్లు పాడుపెట్టాలంటారా?"

"దోమలు తినేదే కదత్తా," అంది దుర్గ. "మా ఊళ్లో దీపం పెడితే చాలు, వచ్చేస్తాయి."

"నువ్వూరుకోవే. ఇన్నేళ్లూ రానిది నువ్వు కాలుపెట్టాకే వచ్చింది. నీకు చుట్టమేమో."

దుర్గ నావైపు చూసింది. నేను సైన్సు మేస్టర్ని. గబ్బిలం గురించి ఆ అమ్మాయి అన్నదే ఏటా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. నిజమేనమ్మా అంటే సరిపోయేది.

"మీ పెద్దలు చెప్పినట్టు చెయ్యండమ్మా," అన్నాను.

ఆ వారమే ఖాళీ చేశారు. సామాను బండెక్కేటప్పుడు దుర్గ లేదు. అప్పటికే పుట్టింటికి పంపేశారు. కొన్నేళ్లకు కంకిపాడు బజారులో నాగేశ్వరమ్మ కనిపించి, ఆ పిల్ల అచ్చిరాలేదని, కొడుక్కి మళ్లీ పెళ్లి చేశామని చెప్పింది. వద్దన్నా నా సంచిలో ఒక చేప వేసింది. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. ఆవిడ నోట మేస్టారండీ అనే పిలుపు పోతుందని భయం.

నాగేశ్వరమ్మ పోయింది. దుర్గ ఎక్కడుందో తెలియదు, వెతకనూ లేదు. రోజూ డైరీ రాసే నేను ఆ రోజు కింద వాన పడిందని మాత్రమే రాసుకున్నాను.

ఆ గబ్బిలం కోడలి వెనక రాలేదు. తనంతట తనూ రాలేదు. నేను తెచ్చాను.