బొగ్గు కాళ్లు, తెల్ల అంగీ

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేనైతే పన్నెండుమందిని పిలిచి మరీ, “బాగా తొక్కి రండి, నేను కడుగుతా” అన్నవాణ్ణి. చంద్రపూర్‌లో ఆ సాయంత్రం నా పరువెలా కొట్టుకుపోయిందో చెబుతాను, నవ్వుకోండి.

దేశంలోకి రంగు టీవీలు, కొత్త కూల్‌డ్రింకులు దూసుకొస్తున్న రోజులు. బాబుపేట్ గుడిలో నేను కుర్ర ఫాదర్ని, పెద్దాయన ఇన్నయ్య ఫాదర్. నాకేమో ఉప్పర్వాహి సిమెంటు కాలనీలో కొత్తగా కట్టిన గుడికి నేనే గురువునైపోవాలని ఒకటే దురద. బిషప్పు గారికి ఆ మాట చెప్పాల్సింది ఇన్నయ్య ఫాదరే. ఆయన కళ్లలో పడాలంటే నా వినయం కనపడాలి కదా! అందుకే వీడియో వాణ్ణి కూడా మాట్లాడాను.

ఈస్టరు ముందు గురువారం, క్రీస్తు తన శిష్యులకు కడిగినట్టే, గురువు పన్నెండుమంది కాళ్లు కడిగి ముద్దు పెట్టుకుంటాడు. మావాళ్లంతా తెలంగాణ నుంచి మహారాష్ట్రకు వలసొచ్చిన బొగ్గుగని కార్మికులు. ఫాదర్ చేతికి మురికి కాళ్లివ్వడం తప్పని ఏటా ఇంట్లోనే సబ్బేసి, రాయేసి తోముకుని వచ్చేవారు. నాకది నచ్చలేదు.

“కడిగిన కాళ్లు కడగడం వినయమా? డ్యూటీ దిగి సీదా గుడికే రండి!” అని ప్రసంగంలో గర్జించాను.

గని మేస్త్రీ మరియదాసు తల గోక్కున్నాడు. “ఫాదరూ, జర సోంచాయించుర్రి. మా కాళ్లు మీరు సూడలే.”

“ఇప్పుడు చూస్తాగా!”

“గట్లనే కానియ్యుర్రి. మల్ల మమ్మల్ని అనొద్దు.”

వచ్చారండీ! సగం గని గుడిలోకి నడిచొచ్చింది. మొదటి మనిషికే పళ్లెంలో నీళ్లు డికాక్షనయ్యాయి, రెండో మనిషికి తారు. తువ్వాలు నల్లబడి, ఒకరి బొగ్గు ఇంకొకరికి పూయడం మొదలుపెట్టాను. ముద్దులతో మూతి నల్లబడింది. ఏప్రిల్ ఉక్కకు కారిన చెమట తుడుచుకుంటే ముఖమంతా అలుముకుంది.

“ఫాదర్, ఇకడే బఘా! స్మైల్!” అని మరాఠీలో ఇటు చూడమన్నాడు వీడియో వాడు.

తిరిగి నవ్వాను. పళ్లొక్కటే కనిపించి ఉంటాయి. “ఓ యేసయ్యా! మన ఫాదర్ యాడికి పోయిండు?” అందో ముసలమ్మ. గుడి గుడంతా పగలబడి నవ్వింది. సగంమంది ఇంకా మిగిలే ఉన్నారు, గంగాళంలో నీళ్లయిపోయాయి. ఉప్పర్వాహి చేయిదాటిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

ఇన్నయ్య ఫాదర్ తన గదిలోని మంచినీళ్ల కుండ మోసుకొచ్చారు. “కూసో” అని నన్ను మరియదాసు పక్కన కూర్చోబెట్టి, పటపటమనే మోకాళ్ల మీద వంగి, నా ముఖమూ కాళ్లూ కడిగారు.

“వద్దు ఫాదర్! మీరు నాకు...”

“కడిగించుకునుడు గూడ నేర్వాలె బిడ్డా.”

గుడిలో నవ్వు ఆగింది. సిగ్గుతో, ప్రేమతో నా కళ్లు ధారకట్టాయి. మిగిలినవాళ్ల కాళ్లు ఆ కుండ నీళ్లతోనే ఇద్దరం కడిగాం.

పూజయ్యాక ఆయనే పిలిచారు. “బిషప్పు గారికి చెప్త. ఉప్పర్వాహికి నువ్వే పో.”

“నిజంగానా ఫాదర్!”

“నిజమే. గాడ దుమ్ము తెల్లగుంటది, నీ అంగీ మీద కనవడది. కానీ గాళ్ల కాళ్లు నీళ్లల్ల వెట్టి ప్రసంగం మొదలువెట్టకు. సిమెంటు... గట్టివడ్తది!”

అందుకే సువార్త గ్రంథం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: కాళ్లు కడుక్కోకుండా రమ్మని ఈ జన్మలో ఎవరికీ చెప్పను. వీడియో వాణ్ణి గుడి మెట్లెక్కనివ్వను. ఆమెన్.