ముప్పై ఎనిమిది మెమోలు

మాణిక్యమ్మ రెండో తరగతి వరకు చదివింది. అక్షరాలు మరచిపోయింది. అంకెలు మిగిలాయి. లాల్‌దర్వాజాలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో నడిచే సాయంకాలపు జూనియర్ కాలేజీలో ఆమె అటెండరు. పరీక్షలప్పుడు బెంచీల మీద హాల్‌టికెట్ నంబర్లు సుద్దముక్కతో రాసేది ఆమే.

1978 వేసవిలో ఫలితాలు వచ్చాయి. అరవై నాలుగు మంది రాస్తే పదమూడు మంది పాసయ్యారు. తనిఖీకి వచ్చిన అధికారి చాయ్ ముట్టలేదు. అక్టోబరు పరీక్షతో కలిపి సగం మందైనా పాస్ కాకపోతే వచ్చే ఏడాది అడ్మిషన్లు ఉండవని రాసి వెళ్లాడు.

ప్రిన్సిపాల్ వెంకటనారాయణ రెండు రోజులు ఆ రాతనే మళ్లీ మళ్లీ చదివాడు.

పాసైనవాళ్లు తమ మార్కుల మెమోలు తీసుకుపోయారు. మిగిలిన యాభై ఒక్కటి బీరువాలో ఉన్నాయి. ఫెయిలైన కాగితం కోసం ఎవరూ రారు.

బీరువా దులుపుతూ మాణిక్యమ్మ వాటిని చూసింది. ముప్పై ఐదుకు తక్కువైన అంకెలు ఎన్నున్నాయో వెతికింది. రెండు కుప్పలు వేసింది. పెద్ద కుప్పను ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది.

“ఏమిటమ్మా ఇవి?”

“ముప్పై ఎనిమిది సార్. వీళ్లకు ఒక్కటే సబ్జెక్టు పోయింది.”

ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఫలితం గడి తప్ప ఇన్నాళ్లూ మరేదీ చూడలేదు.

“అక్టోబరు పరీక్ష దరఖాస్తుకు తొమ్మిది రోజులే ఉన్నాయి. వీళ్లు రారు.”

“వాళ్లు రారు సార్. నేను పోత.”

మర్నాడు పొద్దున్నే మెమోలు తీసుకుని బయలుదేరింది. హాల్‌టికెట్ నంబరు చూస్తే ఏది ఎవరిదో ఆమెకు తెలుసు. మొదటి మెమో ఓదెలుది. ఛత్రినాకలో లేత్ షెడ్డులో పనిచేసే అతడు ఆమెను చూసి మిషన్ చాటుకు నక్కాడు.

“బయటికి రా అల్లుడా, నిన్ను చూసిన.”

“మెల్లగ మాట్లాడు అత్తా! ఇంట్ల ఇంకా చెప్పలే. ఫెయిలైన కాగితం షెడ్డుకు తెస్తరా ఎవలన్న? ఇజ్జత్ పోతది.”

“ఇంగ్లీషుల ఇరవై తొమ్మిది. ఆరు మార్కులకు మిషన్ ఎనక దాక్కుంటవా? నాలుగు పాసైతివి గద!”

అతడు నూనె చేతులతోనే మెమో అందుకున్నాడు.

“నా తీర్గ ఎంత మంది?”

“ముప్పై ఎనిమిది.”

“గంత మందా! నేనొక్కన్నే అనుకున్న.” మెమో మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు. “భిక్షపతి గూడనా? పాసైన అని నాకు మిఠాయి తినిపిచ్చిండు!”

“ఆని దగ్గరికే పోతున్న, జహనుమాకు.”

“ఆగత్తా, నేను గూడ వస్త. ఆని మొఖం చూడాలె.”

తొమ్మిది రోజుల్లో ముప్పై ఆరు దరఖాస్తులు వచ్చాయి. ప్రిన్సిపాల్ గోడకు ఒక కొత్త కాగితం అంటించాడు. ఒక వరుసలో పేరు. పక్కన, ఇంకా మిగిలిన సబ్జెక్టు. పాస్, ఫెయిల్ అన్న మాటలు దాని మీద లేవు. సాయంత్రం పనుల నుంచి నేరుగా వచ్చినవాళ్లు, మిగిలిన ఆ ఒక్కటే చదివారు.

నవంబరులో ఫలితాల పేపరు వచ్చింది. ఓదెలు నంబర్లు చదివాడు. మాణిక్యమ్మ నల్లబల్ల మీద నంబరుకో గీత గీసింది. తన నంబరు దగ్గర ఓదెలు గొంతు పెంచాడు. సగానికి ఇంకా కావలసింది పంతొమ్మిది. పంతొమ్మిదో గీతకు ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచాడు. ఓదెలు ఆగలేదు. ఇరవై ఏడు దగ్గర నంబర్లు అయిపోయాయి.

అరవై నాలుగులో నలభై. బెంచీల మీద దరువులు మొదలయ్యాయి. కింది దుకాణం వాళ్లు ఏమైందోనని మెట్లెక్కి వచ్చారు.

“ఇంక ఇరవై నలుగురున్నరు సార్,” అంది మాణిక్యమ్మ, ఆ లొల్లిలోనే.

జూన్‌లో అడ్మిషన్లు జరిగాయి. బెంచీలు చాలలేదు.