సీట్లక్క కొన్న పాత కారు

మా వీధిలో ఆమెను అందరూ సీట్లక్క అంటారు. కార్లకు, వ్యాన్లకు, బస్సులకు సీట్లు కుట్టడం ఆమె పని. ఆమె షెడ్డుకు ఆనుకునే నా తాళాల కొట్టు ఉంది. మధ్యలో అడ్డం ఒక్క రేకు గోడే. ఆమె కుట్టుమిషను ఆగితే నాకు తెలిసిపోతుంది, నా ఆకురాయి ఆగితే ఆమెకు తెలిసిపోతుంది. ఎవరి చప్పుడు ఎక్కువసేపు ఆగినా రెండోవాళ్ళు వచ్చి తొంగి చూడటం మాకు ఇరవై ఏళ్ళ అలవాటు.

ఆ షెడ్డు ఆమె మామగారిది. ఆయనకిద్దరు కొడుకులు. పెద్దవాడికి సూది చూస్తేనే చెమటలు పట్టేవి, అతను వెళ్ళి లైబ్రరీలో ఉద్యోగం చూసుకున్నాడు. చిన్నవాడికి ఇంజన్ల పిచ్చి, వెనక వీధిలో మెకానిక్ షెడ్డు పెట్టాడు. ఇక పనెవరికి నేర్పాలా అని ముసలాయన దిగులు పడుతున్న రోజుల్లో పెద్దకోడలుగా ఈమె వచ్చింది. కర్టెన్లు కుట్టిన చెయ్యి. మొదటి ఏడాది ఫోము కోయించాడు, రెండో ఏడాది తోలు పట్టించాడు, మూడో ఏడాదికి తన దబ్బనం ఆమె చేతిలో పెట్టి తను బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సీటు చూసి మనిషిని చెప్పేది సీట్లక్క. ఒకసారి ఒకాయన సీటు ఒక పక్కకి కుంగిపోయిందని బండి తెచ్చాడు. ఆమె ఒక్క చూపు చూసి, "పర్సు వెనక జేబులో పెట్టుకుని నడుపుతారు కదండీ. ముందు అది తీసెయ్యండి. సీటుకీ మంచిది, మీ నడుముకీ మంచిది" అంది. ఆయన పర్సు తీసి పై జేబులో పెట్టుకున్నాడు.

అందరి నడుములూ చూసిన మనిషికి తన నడుమే ఎదురు తిరిగింది. ఇరవై ఏడేళ్ళు వంగి కుట్టిన ఫలం. దానికి తోడు ఆమె నడిపే వ్యాను. షెడ్డు నుంచి ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్లు, పోనూ రానూ ప్రతి గుంటా వెన్నుపూసకి లెక్క అప్పజెప్పేది. ఆ వ్యాను సీటును ఆమె మూడుసార్లు విప్పి కుట్టింది. సీటునైతే కుట్టగలదు గానీ, దాని కింద ఉన్న వ్యానును ఏం కుడుతుంది? ఒకరోజు ఆ వ్యాను మా వీధి మలుపులోనే కూలబడింది. మరిది వచ్చి బానెట్ ఎత్తి చూసి, మెల్లగా మూసేశాడు. వైద్యుడు ముఖం మీద దుప్పటి కప్పినట్టే ఉంది.

కొత్త బండి కొనాలన్నారు ఇంట్లో. మరిది నాలుగు చిన్న కార్ల పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. సీట్లక్క ఒక్కో షోరూముకు వెళ్ళింది. నేనూ ఒకదానికి తోడు వెళ్ళాను. అక్కడ కుర్రాడు కారులోని తెర చూపిస్తున్నాడు, పాటలు వినిపిస్తున్నాడు. ఈమె డ్రైవరు సీట్లో కూర్చుని కదల్లేదు.

"నడిపి చూడండి మేడం" అన్నాడతను.

"ఉండు బాబూ. నడిపే ముందు కూర్చోవాలి కదా."

పావుగంట అలాగే కూర్చుంది. తర్వాత దిగి సీటు అడుగున చెయ్యి పెట్టి నొక్కి చూసింది. బయటికొచ్చాక నాతో, "బిస్కెట్టంత ఫోము పెట్టి పైన పరుపంత మాటలు పరిచారు తమ్ముడూ" అంది. నాలుగు కార్లదీ అదే కథ.

సరిగ్గా ఆ వారమే కళ్ళ డాక్టరుగారు తన కారుకు స్టీరింగు తోలు కుట్టించుకోవడానికి వచ్చారు. ముదురు నీలం రంగు, పెద్ద కారు. ఒకప్పుడు అలాంటిది వీధిలోకి వస్తే పిల్లలు వెంట పరిగెత్తేవారు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ పాతది. అమ్మేసే ముందు కాస్త శుభ్రం చేయిద్దామని తెచ్చానన్నారు.

"ఎందుకమ్ముతున్నారండీ?" అని అడిగింది సీట్లక్క.

"నలభై ఏళ్ళుగా ఎంతోమందికి ఇక డ్రైవింగ్ మానెయ్యండని చెప్పానమ్మా. మొన్న కళ్ళద్దాలు మార్చుకుంటూ నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది" అని నవ్వారాయన.

కారు మూడు రోజులు షెడ్డులో ఉంది. రెండో రోజు మధ్యాహ్నం కుట్టుమిషను చప్పుడు ఎంతకీ వినపడలేదు. వెళ్ళి చూస్తే సీట్లక్క ఆ కారు డ్రైవరు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది.

"నిద్రపోతున్నావా అక్కా?"

"లేదు తమ్ముడూ. నా నడుము ఎక్కడుందా అని వెతుకుతున్నాను. గంట నుంచీ కనబడటం లేదు."

కళ్ళు తెరిచి నన్ను పక్కన కూర్చోమని, లోపల ఏముందో చెప్పింది. అడుగున స్ప్రింగులు, వాటి మీద పీచు చాప, ఆ పైన దళసరి ఫోము, అన్నిటికీ మీద అసలైన తోలు. కుట్టు ఎక్కడా వదల్లేదు. వెనక సీటుకు ఒక్క మడత కూడా పడలేదు. "ఆయన ఒక్కడే తిరిగాడు పాపం. వెనక ఎవరూ కూర్చోలేదు" అంది. ఆ గొంతు విని, ఈవిడ ఈ కారు కొంటుందని నేను అప్పుడే అనుకున్నాను.

సాయంత్రానికి మాట మరిదిదాకా పోయింది. అతను పరుగున వచ్చాడు.

"వదినా, నీకేమైనా మతి పోయిందా? ఇవి కొనేటప్పుడు చవగ్గానే ఉంటాయి. తర్వాతే ఉంటుంది అసలు సంగతి."

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా."

"అంటారు. దాని మేత కూడా వెయ్యే. అది మాత్రం ఎవరూ చెప్పరు."

"అందుకే కొత్త చిన్న కారుకి అనుకున్న దాంట్లో మూడో వంతు దీనికిచ్చి, మిగతాది మేతకి పక్కన పెడతాను. నువ్వు ముందు కిందికి దూరి చూడు. లోపముంటే చెప్పు, మానేస్తాను."

అతను సగం రోజు కారు కిందే ఉన్నాడు. డాక్టరుగారు దాచిన సర్వీసు కాగితాలన్నీ తిరగేశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ దిగాలుగా వచ్చి, "ఇంజను బాగుంది. గేరుబాక్సూ బాగుంది. ఏదైనా దొరికితే వద్దని చెప్పేద్దామని చూశాను, దొరకలేదు" అన్నాడు.

ఆఖరి పరీక్ష అత్తగారు. ఆవిడకు తుంటి ఆపరేషను అయింది. వారానికి మూడుసార్లు వ్యాయామాలు చేయించడానికి తీసుకెళ్ళాలి. వ్యానులోకి ఎక్కించాలంటే ఇద్దరు కావాల్సి వచ్చేది. ఈ కారు వెనక తలుపు బార్లా తెరిచేసరికి ఆవిడ ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకుని, ఒక్కతే సర్దుకుంది. వీధి అంతా ఒక చుట్టు తిప్పి తెచ్చారు.

"అమ్మా, ఇక దిగు" అన్నాడు మరిది.

"ఎందుకు?"

"ఇంటికి వెళ్ళాలి కదా."

"ఏం, ఇది వెళ్ళదా?"

దాంతో బేరం కుదిరిపోయింది. డాక్టరుగారు కాగితాలతో పాటు తాళంచెవి ఇస్తూ, కారు మీద ఒకసారి చెయ్యి వేసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. రెండో తాళంచెవి చెయ్యమని సీట్లక్క నాకిచ్చింది గానీ, దానిలో ఏదో చిప్పు ఉందట. నా సర్వీసులో మొదటిసారి ఒక తాళంచెవికి తల వంచాను.

వీధి ఊరుకుంటుందా? టైర్ల కొట్టాయన నిలబడి నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు. ఒక పాత ఖాతాదారు, "ఇంత కారులో తిరిగేదానివి, నా దగ్గర ఇంత అడుగుతావేంటమ్మా" అన్నాడు. "ఆ కారు వయసు మీ బస్సు కంటే ఎక్కువ అన్నా. మీరే నయం" అంది సీట్లక్క, రేటు మాత్రం తగ్గించకుండా. ఫోము షీట్లు, రెగ్జిన్ చుట్టలు అన్నీ ఆ కారులోనే తెచ్చుకునేది. పొడుగు చుట్టలు లోపల పట్టవు. అందుకని పైకప్పులో తెరుచుకునే అద్దంలోంచి నిలువుగా బయటికి పెట్టేది. దూరం నుంచి చూస్తే పొగగొట్టం మొలిచిన కారు వస్తున్నట్టుండేది.

మూడో నెలలో వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున అత్తగారిని వ్యాయామానికి తీసుకెళ్తుంటే, కూరగాయల మార్కెట్టు ముందు కారుకు ఏదో పూనింది. వైపర్లు వాటంతటవే ఆడాయి. కిటికీ అద్దాలు కిందికి దిగాయి. హారన్ రెండుసార్లు మోగింది. ఆ తర్వాత ఇంజను ఆగిపోయింది.

వెనక సీట్లోంచి అత్తగారు, "దీనికీ వయసొచ్చిందమ్మాయ్. నాలాగే ఎవరూ అడక్కుండా మాట్లాడుతోంది" అంది.

కూరలమ్మేవాళ్ళు నలుగురు కలిసి పక్కకు తోశారు. మరిది వచ్చి లాక్కెళ్ళాడు. స్కానరు పెడితే పన్నెండు తప్పులు చూపించింది. కారు మొత్తానికి మెదడులాంటి పెట్టె పోయినట్టుందని, అది ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలని అన్నాడు. "నేను ముందే చెప్పాను" అని మాత్రం అనలేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

రెండు రోజులు బస్సులో వచ్చింది. కుట్టుమిషను మాటిమాటికీ ఆగేది. నేను తొంగి చూస్తే నడుం మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు చూస్తుండేది.

"తప్పు చేశానా తమ్ముడూ? నా సుఖం చూసుకుని ఇంట్లోవాళ్ళ నెత్తిన పెట్టానా?"

టీ తెప్పించాను.

మూడో రోజు ఆమె, కారులో ఉండిపోయిన కత్తెర తెచ్చుకోవడానికి మరిది షెడ్డుకు వెళ్ళింది. తలుపు తీయగానే ఆగిపోయింది. వంగి వాసన చూసింది.

"ఇది తడిసిన ఫోము వాసన."

"వానలకి అద్దాలు దిగాయి కదా వదినా, కాస్త తడిసుంటుంది."

"కాస్త తడి కాదు. వారాలుగా నానుతోంది. ఆ పానా ఇలా ఇవ్వు."

ముందు సీట్లు రెండూ పది నిమిషాల్లో విప్పి బయట పెట్టింది. కార్పెట్టు అంచు పట్టి లేపింది. అడుగున ఫోము పిండితే చెంబుడు నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళల్లో, నేలకు ఆనుకుని, మరిది చెప్పిన ఆ మెదడు పెట్టె కూర్చుని ఉంది.

నీళ్ళెక్కడివో వెతుకుతూ పైకప్పు అద్దం తెరిచారు. దాని చుట్టూ సన్నటి కాలువ ఉంటుంది, మూలల్లో వాన నీళ్ళు కిందికి పోయే గొట్టాలుంటాయి. ముందు మూల గొట్టంలో ఏదో ఇరుక్కుని ఉంది. సీట్లక్క దబ్బనంతో లాగింది. నీలం రంగు ఫోము పొట్టు, దానికి చుట్టుకుని ఎర్ర దారం. రెండూ ఆమె షెడ్డువే. పొగగొట్టంలా పెట్టి తెచ్చిన చుట్టల నుంచి రాలినవే.

ఆమె ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నడుం పట్టుకుంది. "దాని తప్పేం లేదబ్బాయ్. నేనే దాని ముక్కులో దూది కుక్కాను."

సీట్లకు అంచు కుట్టేటప్పుడు వాడే నైలాను తాడు గొట్టంలోంచి పంపి శుభ్రం చేసింది. మరిది పెట్టె విప్పి, పిన్నుల మీద పట్టిన ఆకుపచ్చ తుప్పును మందు పెట్టి తుడిచాడు. రెండు రోజులు పెట్టె ఫ్యాను కింద ఆరింది. కార్పెట్టు మా రేకు గోడ మీద ఆరింది. మూడో రోజు తాళం తిప్పితే ఏమీ జరగనట్టు ఇంజను అందుకుంది. స్కానరులో పన్నెండు తప్పులూ మాయం.

"స్కానరు చూసి నేను బోల్తా పడ్డాను వదినా" అన్నాడు మరిది.

"నువ్వు చూడాల్సింది నువ్వు చూశావు. కార్పెట్టు కింద చూడటం నా పని" అంది ఆమె. ఆ రోజే కారు పైన ఒక క్యారియరు బిగించారు. చుట్టలన్నీ ఇక దాని మీదే.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. ఆ కారు ఇంకా రోజూ తిరుగుతోంది. ఊరికే తిరిగిందని చెప్పను. ఒక కిటికీ మోటారు పోయింది, ఒక గొట్టం పగిలింది, ఒక వేసవిలో ఏసీ మొరాయించింది. ప్రతిసారీ మేతకి దాచింది కొంచెం తగ్గింది, మళ్ళీ కొంచెం చేరింది. ఆమె నడుం నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇంటికి వెళ్ళాక ఒక గంట పడుకోవాల్సిన అవసరం పోయింది. అత్తగారు తుంటి బాగైనా వ్యాయామం మానలేదు. వ్యాయామం కోసమా, ప్రయాణం కోసమా అని అడిగితే చెప్పదు. పాత కారు కొనాలనుకునేవాళ్ళు ఇప్పుడు ముందు సీట్లక్క దగ్గరికి తెచ్చి కార్పెట్టు ఎత్తించుకుంటున్నారు. మొన్న మరిది కూడా ఒక పాత పెద్ద కారు తెచ్చి, "వదినా, ఒకసారి వాసన చూసిపెట్టు" అన్నాడు. ఆమె చూసి వద్దంది. అతను మానేశాడు.

పోయిన ఆదివారం పొద్దున్నే లైబ్రరీ బావగారు, అదే సీట్లక్క భర్త, మా ఇంటికొచ్చి, "ఖాళీగా ఉంటే బస్సుల డిపో వెనక మైదానం దాకా వస్తావా? డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకో సాక్షి ఉండాలి" అన్నాడు. యాభై ఆరేళ్ళ వయసులో ఆయనకిదేం బుద్ధో అనుకుంటూ వెళ్ళాను. సీట్లక్క పక్క సీట్లో కూర్చుంది. వెనక అత్తగారు కూర్చుని దారి చెబుతోంది. మైదానంలో దారేమీ లేకపోయినా చెబుతోంది. బావగారు సైకిలు వేగంతో ఒక చుట్టు పూర్తిచేసి, కారు ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎలా ఉంది?" అని అడిగాడు భార్యని.

"బాగానే ఉంది. ఈసారి కళ్ళు తెరుచుకుని నడపండి" అంది సీట్లక్క.

ఆయన మళ్ళీ బయల్దేరాడు. మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉన్నారట. నేను మాత్రం మూడో చుట్టు అయ్యాక, కొట్టు తెరవాలని వచ్చేశాను.