సరేనయ్య ఉన్నాడా?

బాయిలర్లు చేసే షెడ్డులో అతన్ని సరేనయ్య అంటారు. ఎవరేం చెప్పినా తల ఊపి "సరే సరే" అంటాడని. మేస్త్రి తిట్టినా సరే, తోటివాడు తన పని అంటగట్టినా సరే. ఇంత మెత్తని మనిషి ఎక్కడా దొరకడని షెడ్డంతా ముచ్చటపడేది. ఆ మెత్తదనం వెనకున్న సంగతి భార్య ఒక్కదానికే తెలుసు. బాయిలర్ కడుపులో ముడుచుకు కూర్చుని, బయటినుంచి సమ్మెటలు పడుతుంటే లోపల రివెట్టుకి ఇనుప దిమ్మ అదిమిపట్టడం అతని పని. ఆ మోత తినీ తినీ చెవులు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఈ సంగతి పొక్కితే పని పోతుంది. కేకేస్తే వినపడనివాణ్ణి బాయిలర్ లోపలికి ఎవరు పంపుతారు? అందుకే పెదాలు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొస్తున్నాడు.

ఇంట్లో అతన్ని పిలవాలంటే ఆమె చెక్కనేలని కాలితో దబ్బున తన్నేది. అరికాళ్ళకి తెలిసి వెనక్కి తిరిగేవాడు. ఒకరోజు షెడ్డుకెళ్ళినవాడు తిరిగి రాలేదు. అతను కనపడకుండా పోయాక కూడా, గుండీలు కుట్టుకుంటూ కుట్టుకుంటూ ఆమె కాలు దానంతటదే నేలని తన్నేది. కింద గదిలో ఉండే ముసలమ్మ మెట్లెక్కి వచ్చి మెల్లగా అడిగింది. "ఎవర్నే పిలుస్తున్నావు?"

ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

పోలీసులు పట్టుకెళ్ళారని సైకిల్ షాపతను చెప్పాడు. బస్సులు ఆగేచోట ఏదో గొడవ, ఎవరో అద్దం పగలగొట్టారు. పోలీసు ఈల వినగానే అందరూ పరిగెత్తారు, సరేనయ్య మాత్రం బస్సు కోసం చూస్తూ నిలబడ్డాడు. "రాయి విసిరింది నువ్వేనా?" అంటే తల ఊపాడట.

పట్టుకున్నవాళ్ళని విచారణ తేలేదాకా ఉంచే చిన్న జైలు లోకమే వేరు. పెద్ద జైల్లో మనిషికి కనీసం ఇదీ నీ చోటు అని ఒకటుంటుంది. ఇక్కడివాడికి శిక్షా పడలేదు, విడుదలా కాలేదు. రైలు దిగి ఇల్లు చేరనివాడిలా మధ్యలో వేలాడుతుంటాడు. ఏ దేశంలో చూసినా ఆ గేటు ముందు నిలబడేవాళ్ళు ఒక్కలాగే ఉంటారు. చంకలో మడతపెట్టిన చొక్కా, మొహంలో తప్పు తామే చేసినట్టు ఒక నంగి వినయం.

ఆమె కూడా చొక్కా పట్టుకునే వెళ్ళింది. మాటసాయంగా మేస్త్రి వచ్చాడు.

"మళ్ళీ వచ్చావా తల్లీ?" అన్నాడు వార్డరు. "ఆ పేరుగలవాడు లేడని చెప్పానుగా. నీ మొహం చూళ్ళేక లోపలికెళ్ళి గొంతు చించుకుని పిలిచాను కూడా. ఒక్కడు పలికితే ఒట్టు. మా అత్తగారు పిలిస్తే నేనూ పలకననుకో. కానీ ఇంటివాళ్ళొచ్చారంటే జైల్లో పలకనివాడెవడమ్మా?"

"పద చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి. "ఆస్పత్రుల్లో కూడా ఓసారి..." తర్వాతి మాట మింగేశాడు.

ఆవరణలో వ్యాన్ ఇంజను మొదలైంది. ఇక్కడివాళ్ళని దూరపు పెద్ద జైలుకి తీసుకెళ్ళే బండి అది. ఆమెకి అప్పుడు అంతా కళ్ళకి కట్టింది. నీ పేరు ఫలానానా అని ఏ పేరడిగినా ఈయన తల ఊపి ఉంటాడు. ఇంకెవరి పేరుతోనో కూర్చున్నాడు. ఆ పేరుతోనే బండెక్కితే బతికుండగానే మాయమైపోతాడు. చెప్పాలి. కానీ పక్కనే మేస్త్రి. చొక్కా మడత ఆమె గుప్పిట్లో నలిగిపోయింది.

"ఆయనకి వినపడదండీ."

మేస్త్రి గిరుక్కున తిరిగాడు. "ఏమిటీ?"

"ఏళ్ళయింది అన్నయ్యా."

"మరి నేను చెప్పినవన్నీ..."

"పెదాలు చూసేవాడు. మీరు మీసాలు పెంచాక కష్టమైపోయింది."

వార్డరు నవ్వబోయి ఆగాడు. ఆమె చేతులు జోడించింది. "పిలవొద్దు బాబూ. లాఠీతో నేలమీద గట్టిగా కొట్టండి. వెనక్కి తిరిగినవాడే మా ఆయన."

లోపల్నుంచి దబ్బు దబ్బుమని చప్పుడు వచ్చింది.  ఆ చప్పుడు ఆమెకి తన గదిలోంచి వస్తున్నట్టే ఉంది.

వార్డరు గబగబా వచ్చాడు. "ఉన్నాడమ్మా! గోడవైపు తిరిగి కూర్చుంటే మూగవాడనుకున్నాం. బండి ఎక్కనివ్వనులే, అయ్యగారితో చెప్పి పేరు సరిచేయిస్తా."

అతన్ని ఊచల అవతలికి తీసుకొచ్చాడు. గడ్డం మాసిపోయి, ఎవరి నీడో లేచి నడిచొచ్చినట్టు ఉన్నాడు. ఆమెని చూడగానే ఆ నీడకి ప్రాణం వచ్చింది. కళ్ళు ఆమె పెదాల మీద వాలాయి.

"వచ్చాను," అంది గొంతు లేకుండా. "ఇంటికెళ్దాం."

"ఎవరూ రారనుకున్నాను," అన్నాడు.

అంతలో మేస్త్రి ఊచల దగ్గరికి జరిగాడు. మంచి మనిషే. మంచితనంతోనే మీసాలు రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, పళ్ళు కనపడేలా నోరు సాగదీసి, ఒక్కో అక్షరం విడదీసి అన్నాడు. "భ... య... ప... డ... కు."

ఇన్నేళ్ళలో మేస్త్రి అతనితో ఎన్నడూ అలా మాట్లాడలేదు.

సరేనయ్య మేస్త్రి నోటికేసి చూశాడు. తర్వాత భార్యకేసి చూశాడు.

"తప్పలేదయ్యా," అని ఆమె చెప్పబోయింది. "లేకపోతే నిన్ను..."

అతను కళ్ళు మూసుకున్నాడు.

అతనితో మాట్లాడ్డానికి ఆమెకున్న దారి ఆ కళ్ళొక్కటే. ఊచలు పట్టుకుని, వినపడదని తెలిసీ, ఆమె చెబుతూనే ఉంది.